షహ్ నుంచి చెక్కు దాకా

హనుమకొండ,
కార్తీక పౌర్ణమి మరునాడు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం మొన్న అందింది. కొడుకు, కోడలు, మనవరాలితో కలిసి నువ్వు న్యూజెర్సీలో హోటల్‌కు భోజనానికి వెళ్లిన ముచ్చట చదివి నేనూ మీ చెల్లెలూ చాలాసేపు నవ్వుకున్నాం. తిన్నాక వడ్డించిన అమ్మాయి వచ్చి చెక్ తెమ్మంటారా అని అడిగితే, ముప్ఫై మూడేళ్లు బ్యాంకు కౌంటర్‌లో కూర్చుని చెక్కులు పాస్ చేసిన నువ్వు కంగారుపడి, చెక్కుబుక్కు హనుమకొండ ఇంటి బీరువాలోనే ఉండిపోయిందని సంజాయిషీ చెప్పుకోవడం, ఆ మాటకు మనవరాలు బల్ల కింద దూరి నవ్వడం మా కళ్లకు కట్టినట్టే ఉంది. అక్కడ తిండి బిల్లును చెక్ అంటారని ఆ పిల్ల చెప్పేదాకా నీకు తెలియలేదన్నావు. నీ ఉత్తరం చదివేదాకా నాకూ తెలియదు. చివరలో, ఇంత చిన్న మాటకు ఇన్ని అర్థాలేమిటో తీరిక చూసుకొని తవ్వి రాయమని పని అప్పజెప్పావు. వారం రోజులుగా ఇంట్లో అదే పని. మీ చెల్లెలు బియ్యం బస్తా తెమ్మని మూడుసార్లు చెప్పినా నేను వినలేదట.

ఆ మాట మనల్ని ఎంతగా చుట్టుకొని ఉందో నీ ఉత్తరం వచ్చిన మరునాడే తెలిసింది. మా మేనకోడలి బిడ్డ పెళ్లికి కల్యాణలక్ష్మి సాయం మంజూరైంది, తోడుగా రమ్మంటే ములుగు బయలుదేరాను. బస్టాండులో కొన్న పేపరు తిప్పితే, దళారులకు చెక్ అని ఒక పేజీలో, మోకాళ్ల నొప్పులకు చెక్ అని మరో పేజీలో కనిపించింది. బస్సు ఊరు దాటగానే చెకింగ్ వాళ్లు ఎక్కి అందరి టికెట్లూ చూశారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన బీపీ చెక్ చేయించుకోవడానికి వచ్చి తిరిగి పోతున్నాడట. ఆయన తొడుక్కున్నది చెక్స్ చొక్కా. అడవి మొదలయ్యే చోట చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. దాని అవతల వాగు మీద చెక్‌డ్యాం ఈ వానలకు నిండి మత్తడి దుంకుతోంది. చివరికి ములుగులో మా మేనకోడలి చేతికి 1,00,116 రూపాయల చెక్కు వచ్చింది. ఒక్క పూటలో ఎనిమిది చెక్కులు! వీటిలో ఏ ఒక్కదానికీ పక్కదానితో సంబంధం ఉన్నట్టు పైకి కనిపించదు. కానీ అన్నింటికీ మూలం ఒక్కటే, అది మనిద్దరికీ బాగా తెలిసిన చదరంగం బల్ల.

ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సేన పేరే మన ఆటకు చతురంగమని వచ్చింది. తెలుగులో అది చదరంగమైంది కాబట్టి, చదరపు గళ్ల బల్ల మీద ఆడేది కనుక ఆ పేరు వచ్చిందనుకుంటాం గానీ, అది గళ్లను బట్టి కాక సేనను బట్టి వచ్చిన పేరు. హర్షుడి కాలం నాటికే, అంటే ఏడవ శతాబ్దం నాటికే, బాణుడి రచనలో చతురంగం ప్రస్తావన కనబడుతుంది. ఈ ఆట పారశీకం చేరి చత్రంగ్ అయింది. అరబ్బులకు చ, గ ధ్వనులు లేవు కాబట్టి వారి నోట షత్రంజ్ అయింది. ఆట మనది, సరే. కానీ ఎదుటివాడి రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు జాగ్రత్త అని హెచ్చరించే కేక మాత్రం పారశీకులది. వాళ్లు షాహ్ అనేవారు, అంటే రాజు అని అర్థం. నీ రాజును చూసుకో అన్నమాట. నువ్వు న్యూజెర్సీ హోటల్‌లో విన్న చెక్ ఈ షాహే.

ఇక్కడ నాకు అన్నింటికంటే నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. ఈ షాహ్ అనే మాట ప్రాచీన పారశీక శాసనాల్లో క్షాయథియ అన్న రూపంలో ఉంటుంది. దాని ధాతువూ, మన సంస్కృతంలో క్షత్రం, క్షత్రియుడు అనే మాటల ధాతువూ ఒకే ఇంటివి. ఏలడం, అధికారం చలాయించడం దాని అర్థం. అంటే మా మేనకోడలు అందుకున్న చెక్కూ, పురాణాల్లో వినే క్షత్రియుడూ వెనక్కి పోతే దాయాదులే. ఈ మాట చెబితే మీ చెల్లెలు నమ్మలేదు. పుస్తకం తెరిచి చూపించినా అనుమానంగానే చూసింది.

మా తాత నీకు యాదికి ఉండే ఉంటాడు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివి, మునసబు కోర్టులో గుమాస్తా చేసిన మనిషి. సెలవుల్లో మనిద్దరం మా అరుగు మీద ఆడుతుంటే వెనక నిలబడి చూసేవాడు. మనం చెక్ అంటే ఒప్పుకునేవాడు కాదు. షహ్ అనాలి, ఆట కట్టినప్పుడు మాత్ అనాలి. మనం అదేదో పాతకాలపు పట్టుదల అనుకున్నాం గానీ, ఆ ముసలాయన అన్నదే అసలు మాట. ఇంగ్లీషు చెక్‌మేట్ అంతా పారశీకుల షాహ్ మాత్ అనే రెండు పదాలే. అందులో మాత్ అనేదాని మీద పండితుల్లో రెండు వాదాలున్నాయి. అది అరబ్బీలో చనిపోయాడు అనే మాట కాబట్టి రాజు చచ్చాడని అర్థమని కొందరంటారు. పారశీకంలో దిక్కుతోచక చేష్టలుడిగి నిలిచిపోవడమని మరికొందరు. నాకు రెండోదే సబబనిపిస్తుంది, ఎందుకంటే చదరంగంలో రాజును చంపరు, కదలడానికి చోటు లేకుండా చేస్తారు, అంతే.

అరబ్బుల దగ్గరి నుంచి ఆట ఐరోపాకు పోయింది. లాటిన్‌లో ఈ షాహ్ స్కాకస్ అయింది, పాత ఫ్రెంచిలో ఎషెక్ అయింది, ఇంగ్లీషు వాళ్లు ముందున్న అచ్చును మింగి చెక్ అన్నారు. తమాషా ఏమిటంటే, ఆట పేరైన చెస్ కూడా ఈ ఎషెక్‌కు బహువచనమే. జర్మన్లు షాఖ్ అంటారు, రష్యన్లు ఆట మొత్తాన్నీ షాఖ్‌మాతి అంటారు, అంటే వాళ్లకు ఆట పేరే షహ్ మాత్. మన షత్రంజ్‌ను నిలుపుకున్నది స్పెయిన్, పోర్చుగల్ వాళ్లు. పోర్చుగీసులో షద్రెస్ అంటే చదరంగమూ అవుతుంది, గళ్ల గుడ్డా అవుతుంది. ఈ గళ్ల గుడ్డను కాస్త గుర్తుపెట్టుకో, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

రాజుకు షహ్ పడితే ఆటగాడు వేరే ఏ ఎత్తూ వేయలేడు. మిగతా వ్యూహాలన్నీ పక్కన పెట్టి ముందు రాజు సంగతి చూడాలి. ఆ ఒక్క నియమంలోనే మాటకున్న తక్కిన అర్థాలన్నీ ఇమిడి ఉన్నాయి. నడుస్తున్నదాన్ని హఠాత్తుగా నిలిపేది కాబట్టి చెక్ అంటే అడ్డు, నిలుపుదల అయింది. వేటకుక్కలు వాసన తప్పి ఆగిపోతే ఇంగ్లీషు వేటగాళ్లు దాన్ని కూడా చెక్ అనేవారు. చెక్‌డ్యాం చెక్ ఈ కోవలోదే. మా ఊరి వాగు మీద కట్టిన దాన్ని నువ్వు చూడలేదు గానీ, మనిషి నడుము ఎత్తు కూడా ఉండదు. రామప్ప, పాకాల చెరువులకు కట్టినట్టు నీటిని పూర్తిగా పట్టి ఉంచే కట్ట కాదది. వాగు ఉరుకును కాసేపు నిలిపి, ఇసుకను వెనక్కి పట్టి, నీరు భూమిలోకి ఇంకడానికి వ్యవధి ఇచ్చి, ఆపైన మీది నుంచి దుంకనిస్తుంది. ఇంజనీర్లు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ పేరు మాత్రం కచ్చితంగా కుదిరింది. నీటికి అది మాత్ కాదు, షహ్ మాత్రమే.

నిలిపాక ఏం చేస్తారు? చూస్తారు. చెక్‌పోస్టు దగ్గర బస్సును నిలిపేది లోపల టేకు దుంగలున్నాయేమో చూడటానికే కదా. అలా అదుపు అనే అర్థం పక్కనే తనిఖీ అనే అర్థం మొలిచింది. ఇంగ్లీషులో సరిచూడటం అనే అర్థం పదిహేడవ శతాబ్దం చివరికి గాని స్థిరపడలేదట. ఈ రోజు మనం ఎక్కువగా వాడేది అదే, బీపీ చెక్ చేయించుకోవడం మొదలు గ్యాస్ బంద్ అయిందో లేదో చెక్ చేసుకోవడం దాకా.

ఇక మన వృత్తికి సంబంధించిన కథకు వస్తాను. ఇది కాస్త పొడుగు, ఓపిక పట్టు. ఆట బల్లకు పాత ఫ్రెంచిలో ఎషెకియే అని పేరు. ఇంగ్లండ్ రాజు ఖజానా లెక్కలు చూసే చోట దాదాపు పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న బల్ల ఒకటి ఉండేది. అంచు చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు గట్టు, పైన నల్లటి గుడ్డ, ఆ గుడ్డ మీద జానెడేసి, అడుగేసి దూరంలో గీతలు. రెండవ హెన్రీ కాలంలో ఖజానాదారుగా ఉన్న రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల్లో ఇదంతా గురుశిష్యుల సంభాషణగా రాసి పెట్టాడు. జిల్లా జిల్లా నుంచి షెరీఫులు ఏడాదికి రెండుసార్లు శిస్తు లెక్క అప్పజెప్పడానికి వచ్చి ఆ బల్ల ముందు కూర్చునేవారు. రోమన్ అంకెలతో కూడికలు, తీసివేతలు చేయడం ఎంత కష్టమో నీకు తెలుసు కాబట్టి, గీతల మధ్య బిళ్లలు పెట్టి లెక్క కట్టేవారు. ఒక వరుసలో పెన్నీలు, దాని పక్క వరుసలో షిల్లింగులు, ఆ పక్కన పౌండ్లు, అలా వేల దాకా. షెరీఫు కట్టవలసినది ఎంత, కట్టినది ఎంత అనేది అక్షరం రానివాడికి కూడా కంటికి ఆనేది. శిష్యుడు దీనికి ఈ పేరెందుకు వచ్చిందని అడుగుతాడు. బల్ల చదరంగం బల్లలా ఉంటుందని గురువు ముందుగా చెప్పి, దాని వెనక మరో లోతైన కారణమూ ఉందంటాడు. చదరంగంలో ఇద్దరు రాజులు తలపడ్డట్టు ఇక్కడ ఖజానాదారూ షెరీఫూ తలపడతారనీ, తక్కినవాళ్లు న్యాయం చూసేవాళ్లుగా కూర్చుంటారనీ వివరిస్తాడు. ఆడిట్ రోజుల్లో మన బ్రాంచి ఇంతకంటే భిన్నంగా ఉండేదా చెప్పు! ఆ బల్ల పేరే ఎక్స్‌చెకర్. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఇప్పటికీ ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటున్నారు, అంటే మాట లోతుల్లోకి పోతే ఆయన చదరంగం బల్ల అధికారి.

ఆ కాలంలో రశీదులు కర్రలు. కట్టిన పైకానికి తగ్గట్టు కర్ర మీద గాట్లు కోసి, కర్రను నిలువునా చీల్చి, సగం కట్టినవాడికి ఇచ్చి సగం ఖజానాలో ఉంచేవారు. తర్వాత రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే గాటుకు గాటు కలవాలి. దాని పేరు ట్యాలీ. మనం రోజూ సాయంత్రం నగదు ట్యాలీ కాలేదని తల పట్టుకున్నది ఆ కర్రల పేరుతోనే. ఆ పాత కర్రలను 1834 అక్టోబరు 16న పార్లమెంటు భవనం కింది పొయ్యిల్లో వేసి కాలిస్తే, మంట పైకి పాకి పార్లమెంటే తగలబడింది. పాత వోచర్లు తగలబెట్టేటప్పుడు ఒకరు కాపలా ఉండాలని మన మేనేజరు పట్టుబట్టేవాడు చూడు, ఆయన తప్పేమీ లేదు.

కర్ర పోయి కాగితం వచ్చాక, ఆ చీలిక పని కాగితం చేసింది. పద్దెనిమిదవ శతాబ్దం మొదట్లో చెక్ అంటే డబ్బు ఇవ్వమనే కాగితం కాదు. ఆ కాగితం చింపిచ్చాక మన దగ్గర మిగిలే మొదలు, అంటే కౌంటర్‌ఫాయిల్. ఎవరైనా అంకె దిద్దితే, దొంగ సంతకం చేస్తే పట్టుకోవడానికి సరిచూసుకునే తునక అన్నమాట. క్రమంగా మొదలు పేరు చింపిన కాగితానికే అంటుకుంది. దాన్ని ఎక్స్‌చెకర్‌కు చుట్టరికం కలిపి సీ-హెచ్-ఈ తర్వాత క్యూ-యూ-ఈ అని దర్జాగా రాయడం బ్రిటిష్ వాళ్లు అలవాటు చేసుకున్నారు, అమెరికావాళ్లు సీ-కే దగ్గరే ఆగిపోయారు. మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఆరవ సెక్షన్‌లో ఉన్నది క్యూ ఉన్న చెక్కే. నీ హోటల్ చెక్ కూడా ఈ తునకల కుటుంబంలోనిదే. సామాను అప్పజెప్పి పుచ్చుకునే చీటీని, కోటు దాచమని ఇచ్చి తీసుకునే బిళ్లను అక్కడ చెక్ అనేవారు. ఎవరికి ఏమి వడ్డించారో సరిచూసుకోవడానికి రాసే చీటీకీ ఆ పేరే పడింది. కాబట్టి నువ్వు తెమ్మన్నా అనకున్నా వడ్డించిన అమ్మాయి నీ ముందు పెట్టేది కౌంటర్‌ఫాయిలే, దానికి నీ చెక్కుబుక్కుతో రక్తసంబంధం ఉంది.

చెక్కుల మాట వచ్చింది కనుక, ఇంతకాలం నీకు చెప్పకుండా దాచిన ఒక అవమానం చెబుతాను. పదేళ్ల కిందట మా తమ్ముడు ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మితే, అడ్తిదారు, అంటే కమీషన్ వ్యాపారి, తూకం, ధర రాసే తక్‌పట్టీ చీటీతో పాటు చెక్కు రాసిచ్చాడు. బ్యాంకులో వేస్తే నిధులు చాలవన్న మెమోతో తిరిగొచ్చింది. నూట ముప్ఫై ఎనిమిదో సెక్షన్ నాకు కంఠోపాఠం. అది 1989 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినప్పుడు మనిద్దరమే కదా ఖాతాదారులకు వివరించింది. మెమో అందిన ముప్ఫై రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక పదిహేను రోజుల్లో చెల్లించకపోతే కేసు వేయవచ్చు, రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇదంతా తెలిసి కూడా, ఆ మనిషి ఇంటికొచ్చి చాయి తాగుతూ వచ్చే వారం, వచ్చే వారం అని బతిమాలితే నేనే తమ్ముణ్ణి ఆగమన్నాను. నోటీసు గడువు పోయింది. మళ్లీ ఒకసారి వేద్దామని బీరువా తీస్తే చెక్కు తేదీ మీద మూడు నెలలూ దాటిపోయాయి. ఆరు నెలలు చెల్లే చెక్కు 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలే చెల్లుతుందన్న సంగతి వందమందికి చెప్పినవాణ్ణి! చివరికి సగం పైకం విడతలుగా వచ్చింది, మిగతా సగానికి విత్తనాల సంచులు ఇచ్చాడు. మా తమ్ముడు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తడు, మరదలు మాత్రం ఎత్తకుండా ఉండదు.

గళ్ల గుడ్డ దగ్గరికి వస్తానన్నాను కదా. చదరంగం బల్ల పేరైన ఆ ఎషెకియే చెకర్ అయి, చెకర్ పొట్టిదై చెక్స్ చొక్కా అయింది. దాని సంగతి పుస్తకంలో చూడటం కంటే మగ్గం మీద చూడటం మేలని కొత్తవాడలో దర్రీలు నేసే మన పాత ఖాతాదారు ఇంటికి వెళ్లాను. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గర్వంగా చెప్పి, ఆ గుర్తింపుతో నూలు ధర తగ్గలేదని కూడా చెప్పాడు. నేను అడిగినదానికి నవ్వి, గుంట మగ్గంలో దిగి కూర్చుని చేసి చూపించాడు. పడుగులో మాత్రమే రంగు మారిస్తే నిలువు చారలు వస్తాయి, పేకలో మాత్రమే మారిస్తే అడ్డం చారలు వస్తాయి, రెండింటిలోనూ ఒకే కొలతన మారిస్తేనే గళ్లు పడతాయి. ఎర్ర పడుగు మీద ఎర్ర పేక పడిన చోట నికార్సయిన ఎరుపు, తెల్ల పేక పడిన చోట వెలిసిన ఎరుపు. కాబట్టి రెండు రంగుల నూలుతో నేసినా గుడ్డలో కంటికి మూడు రంగులు కనబడతాయి. నేను గళ్లు అన్నప్పుడల్లా ఆయన చెక్స్ అన్నాడు, బేరగాళ్లందరూ అలాగే అడుగుతారట.

తెలుగులో ఈ మాటకు మరో చిక్కు ఉంది. మనకు ముందే ఒక చెక్కు ఉంది. రామప్ప గుడిలో శిల్పి చెక్కింది ఆ చెక్కే, సొరకాయకు తీసేది ఆ చెక్కే, చెక్కు చెదరలేదన్నప్పుడు చెదరనిదీ అదే. దానికీ పారశీక రాజుకూ ఏ చుట్టరికమూ లేదు, రెండు వేరు వేరు ఊళ్ల నుంచి వచ్చి ఒకే బస్సు ఎక్కినవి. అయినా 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలుపెట్టి ఎకరాకు నాలుగు వేల చొప్పున చెక్కులు పంచినప్పుడు, మా ఊరి వడ్రంగి తనకు భూమి లేదనీ, తన చెక్కులన్నీ ఉలితోనేననీ అన్న మాట నేను మరిచిపోలేదు.

వీటన్నింటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది పేపరు వాళ్ల చెక్. దళారులకు చెక్, ఇసుక దందాకు చెక్ అని రాసేటప్పుడు వాళ్లు తనిఖీ అనే అర్థంలో వాడటం లేదు, డబ్బు అర్థంలో అసలే కాదు. ఎత్తు వేసి కదలకుండా చేయడం అనే అర్థంలో వాడుతున్నారు. చెక్ పెట్టాడు అనే ఆ పలుకుబడి ఇంగ్లీషులో ఇలా వాడగా నేను వినలేదు. మనవాళ్లే ఇంగ్లీషు మాటను తీసుకొని, తెలియకుండానే వెనక్కి నడిపించి, మా తాత అరుగు మీది షహ్ దగ్గరికి చేర్చారు. మోకాళ్ల నొప్పికి షహ్ చెప్పడం కాస్త ఎక్కువే అనుకో.

ఈ ఊళ్లో ఇప్పుడు పిల్లలకు ఆ అర్థం వేరేగా చెప్పనవసరం లేదు. వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన జట్టు స్వర్ణం గెలిచినప్పుడు మూడో బోర్డు మీద వ్యక్తిగత స్వర్ణం కూడా తెచ్చాడు. ఆ డిసెంబరు జాబితాలో అతడి రేటింగ్ 2801, ఆనంద్ తర్వాత అంత ఎత్తుకు చేరిన భారతీయుడు అతడే. మా వీధిలో సాయంత్రం పూట క్రికెట్ ఆడే పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు మా అరుగు మీద బల్ల పరుస్తున్నారు. వాళ్లు చెక్ అంటే నేను షహ్ అనమని దిద్దుతున్నాను. వినడం లేదు.

ఇక మన ఆట సంగతి. కిందటి ఉత్తరంలో నువ్వు శకటును వెనక్కి తీసి, మంత్రిని రాజుకు దూరంగా ఆ మూల వదిలావు. న్యూజెర్సీ చలికి బుర్ర పని చేయడం లేదో, హోటల్ చెక్ ధ్యాసలో ఉన్నావో తెలియదు. నా నల్ల గుర్రం ఇప్పుడు దుమికిన గడి నుంచి నీ రాజూ మంత్రీ ఇద్దరూ దానికి అందుతారు. బల్ల తెచ్చుకొని చూసుకో.

షహ్.

నీ దోస్తు